పదో పేరు

జూన్ 7, 1999. సోమవారం.

యూనివర్సిటీవాళ్ళు మా సబ్జెక్టుకు పేరు మార్చేశారు. ఇరవై ఏళ్ళకు పైగా నేను జియాలజీ లెక్చరర్‌ని. నిన్నటిదాకా. ఈరోజు ప్రిన్సిపాల్ శ్రీనివాసమూర్తిగారు గదికి పిలిచి ఒక సర్క్యులరు చేతిలో పెట్టారు. ఈ ఏడాది నుంచి బి.ఎస్సీ.లో జియాలజీ అనేది ఉండదట. "భూ, పర్యావరణ శాస్త్రాలు" ఉంటుందట. రాళ్ళతో పాటు నీళ్ళు, గాలి, దుమ్ము, చెత్త కూడా నేనే చెప్పాలి. చెత్త! ఎం.ఎస్సీ. గోల్డ్ మెడల్ తెచ్చుకున్నది ఇందుకే కాబోలు.

"పేరు బాగుండాది కదా రామాంజినప్పా, కొత్తగా ఉండాది," అని ఆయన మురిసిపోయారు. ఆయనకేం, కెమిస్ట్రీ మనిషి. ఆయన సబ్జెక్టు జోలికి ఎవరూ పోలేదు.

అసలు సంగతి కాగితం అడుగున ఉంది. జూలై ఆఖరుకు కనీసం పదిమంది చేరకపోతే కోర్సు ఎత్తేస్తారు. నన్ను ఎక్కడికో బదిలీ చేస్తారు, అది అంత పెద్ద మాట కాదు. కాని కె.జి.ఎఫ్.లో, బంగారు గని ఉన్న ఊళ్ళో, రాయి గురించి చెప్పే క్లాసు లేకుండా పోతుంది. మా నాయన ఏ రాయిని కొట్టి నన్ను చదివించాడో ఆ రాయి పేరు చెప్పేవాడు ఊళ్ళో ఉండడు. పోయినేడు చేరింది నలుగురే. అందులో ఒకడు అమ్మాయిలు ఉంటారనుకుని చేరి, లేరని తెలిసి బి.కాం.కి పోయాడు.

నాకేం భయం లేదు. మంచి సబ్జెక్టుకు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

జూన్ 8

రాత్రి నిద్ర పట్టలేదు. ఉక్కపోత.

జూన్ 10

మా శశికళ ఆ సర్క్యులరు తీసి చదువుతోంది. "నాయనా, దీంట్లో దుమ్ము గురించి కూడా ఉండాదే! మన గని దిబ్బల దుమ్మేనా?" అని అడిగింది.

"నీకెందుకమ్మా, నీది కంప్యూటర్ కదా," అని కాగితం లాక్కుని బీరువాలో పెట్టేశాను.

నారాయణమ్మ వంటింట్లోంచి, "దుమ్ము గురించి సదవల్లా? పరక ఎత్తుకోని ఊడిస్తే సాలదా?" అంది. ఈ ఇంట్లో నా శాస్త్రానికి ఇరవై ఏళ్ళుగా ఇదే మర్యాద.

శశికి పీయూసీ లెక్కల్లో నూటికి తొంభై ఆరు. సి.ఇ.టి. ఎంట్రన్సులో ర్యాంకు రాగానే బెంగుళూరులో కంప్యూటర్ సైన్సు. ఇందులో మాట్లాడుకోవడానికి ఏముంది?

జూన్ 15

ఇప్పటికి చేరింది ముగ్గురు. ముగ్గురికీ ఇంకెక్కడా సీటు రాలేదు. నేను మాత్రం లేచి నిలబడి మరీ ఆహ్వానించాను.

మా డిపార్ట్‌మెంటు అటెండరు బచ్చప్ప బీరువాల్లో రాళ్ళు తుడుస్తూ, "ఓట్లకు నిలబడినోళ్ళు ఇంటింటికీ పోతారు, మనం పోతే ఏం తప్పు సార్?" అన్నాడు. లెక్చరర్‌ని నేను, ఇంటింటికీ పోవడమేమిటి అని కసిరాను. గురువారం నుంచి మొదలుపెడదామని అనుకున్నాం.

జూన్ 17

మొదటి బోణీ రాబర్ట్‌సన్‌పేట బజారులో గుండప్ప కిరాణా అంగడి. గుండప్ప రెండో కొడుక్కి సైన్సులో మంచి మార్కులు వచ్చాయి. నేను కుర్చీలో సర్దుకుని కూర్చుని అరగంట చెప్పాను. భూమి పుట్టుక దగ్గర మొదలుపెట్టి భూగర్భజలాల దాకా వచ్చాను. ఉద్యోగాలకు కొదవే లేదని చెప్పాను. గుండప్ప తూకం వేస్తూనే అంతా విన్నాడు. మధ్యలో ఒక పల్లెటూరాయన బెల్లం అడిగితే, గుండప్ప అచ్చు నుంచి ఒక ముక్క విరిచి ముందు తన నోట్లో వేసుకుని, తరువాత ఆయన చేతిలో పెట్టాడు.

"చూసినారా సార్," అన్నాడు నావైపు తిరిగి. "మా తాత కాలం నుంచీ ఇది మా అంగడి పద్ధతి. మేము నోట్లో యేసుకోంది గిరాకీకి ఇయ్యము. మీ సరుకు బాగుండాది. కాదనేది లేదు. ఇంగ, మీ పాప కూడా ఈ యేడే కదా పీయూసీ పాసయింది?"

"అవును."

"ఏం సదవతాది?"

నాకు కాలేజీలో పని గుర్తొచ్చింది. లేచాను.

"ఊరికే అడిగినా సార్, కోప్పడొద్దు," అని గుండప్ప నవ్వుతూ ఒక బెల్లం ముక్క నా చేతిలో కూడా పెట్టాడు. బచ్చప్ప దారి పొడవునా ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో కూడా వాడికి ఒక వెటకారం ఉంది.

జూన్ 18

గుండప్ప అన్న మాట గురించి నేను ఆలోచించడం లేదు. వాళ్ళది వ్యాపారం. చదువు వేరు, బెల్లం వేరు.

జూన్ 19

శశి సంగతి వేరు. ఆ పిల్లకు లెక్కలు బాగా వచ్చు.

జూన్ 23

పొద్దున ఎయిర్ బ్లాస్ట్. లోపల ఎక్కడో ఒత్తిడికి రాయి పగిలింది. ఇల్లు ఒక్క ఊపు ఊగింది, అలమరలో చెంబులు దొర్లాయి. నారాయణమ్మ ఒక్కొక్క చెంబూ ఎత్తి పెడుతూ గనిని, గని తవ్విన తెల్లవాళ్ళను, తరువాత వచ్చిన సర్కారును, ఆఖర్న నన్నూ తిట్టింది. నేను ఏం చేశానో తెలియదు. బహుశా ఆ రాయి పేరు నాకు తెలుసు కాబట్టి.

లోపల ఎవరికీ ఏమీ కాలేదట. సైరన్ మోగలేదు.

జూన్ 26

ఈరోజు జరిగింది ఇంకెవరికీ చెప్పేది కాదు. ఇక్కడ రాసి మరిచిపోతాను.

చాంపియన్ రీఫ్‌లో, గని కూలీల లైన్లలో ఉండే గురువమ్మక్క ఇంటికి బచ్చప్పతో వెళ్ళాను. మా నాయన, వాళ్ళ మామ ఒకే జట్టులో గనిలోకి దిగినవాళ్ళు. ఇప్పుడు ఆమె మొగుడు మారప్ప దిగుతున్నాడు. కొడుకు మునిరత్నం పీయూసీ పాసై ఇంట్లో ఉన్నాడు. పిల్లవాడికి ఆసక్తి పుట్టించాలని మా కాలేజీ మ్యూజియం నుంచి మంచి పలుగురాయి ఒకటి సంచిలో వేసుకుని పోయాను. దాంట్లో పైరైటు మెరుస్తుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

రాయి తీసి బల్ల మీద పెట్టగానే గురువమ్మక్క ముఖం పాలిపోయింది.

"అప్పా, నీకేమన్నా పిచ్చా! రాయి ఇంట్లోకి తెస్తావా? గని కాపలా వాచ్ అండ్ వార్డోళ్ళు చూస్తే మా ఆయన్ను పట్టుకోని పోరా?"

"ఇది బంగారం కాదక్కా, పైరైటు."

"మెరస్తా ఉండాది కదా!"

"మెరిసేదంతా..."

"వాళ్ళు నీ మాదిరి కూర్చోని పాఠం యింటారా? మెరస్తా ఉంటే కేసే!"

సరే, చల్లబడుతుందిలే అని నేను మునిరత్నం వైపు తిరిగి పైరైటు గురించి చెప్పసాగాను. తిరిగి చూస్తే బల్ల మీద రాయి లేదు. ఆమె కొంగులో చుట్టుకుని పెరట్లోకి పోయి కక్కసు గుంతలో పడేసి, చేతులు కడుక్కుని వచ్చి, "కాఫీ పెట్టేదా?" అంది. నేను డిపార్ట్‌మెంటులో చేరిన ఏడు నా చేతులతో నంబరు రాసిన రాయి! బచ్చప్ప బయటికి పోయి గోడ పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు లోపలికి వినిపిస్తూనే ఉంది.

కాఫీ తాగేటప్పుడు ఆమె నా ఎదురుగా కింద కూర్చుంది.

"సదివితే వీనికి ఉద్యోగం వస్తాదా అప్పా?"

"తప్పకుండా వస్తుందక్కా. నీళ్ళ శాఖ, గనుల శాఖ, పొల్యూషన్ బోర్డు, ఎక్కడ చూసినా మనవాళ్ళే కావాలి."

"ఖండితంగా?"

"ఖండితంగా."

ఆమె కొంచెంసేపు నా ముఖంలోకి చూసింది. "సరే, ఆలోచిస్తాము," అంది. తరువాత, "మీ శశి ఏం సదవతాది?" అంది.

కాఫీ చాలా బాగుందని చెప్పి లేచాను.

జూలై 5

బూదికోట నుంచి ఇద్దరు రైతుల పిల్లలు వచ్చి చేరారు. నేను పిలవలేదు. "బోర్లు ఎండిపోయినాయి సార్, నీళ్ళ గురించి ఉండాదంట కదా," అన్నారు. ఆ కొత్త పేరు చూసి వచ్చారట. నాకు సంతోషమే. కాని జియాలజీ అని ఉన్నప్పుడు కూడా అందులో నీళ్ళు ఉన్నాయని వాళ్ళకు చెప్పాను. వాళ్ళు తల ఊపారు. ఇదంతా వాళ్ళకెందుకు అన్నట్టు బచ్చప్ప నావైపు చూశాడు.

జూలై 12

శశికి మంచి ర్యాంకు! బెంగుళూరులో కంప్యూటర్ సైన్సు సీటు ఖాయం. ఇరవై తొమ్మిదో తేదీన కౌన్సెలింగ్. మైసూర్‌పాక్ తెచ్చాను. నారాయణమ్మ ఏడ్చింది, నేనూ కొంచెం. శశి ఒక ముక్క తిని, "కౌన్సెలింగ్‌కు పోవాల్నా నాయనా?" అంది.

"ఇంట్లో కూర్చుంటే సీటు తెచ్చిస్తారా?" అని నవ్వాను.

ఆ పిల్ల నవ్వలేదు. ప్రయాణమంటే భయం కాబోలు.

జూలై 20

మునిరత్నం చేరాడు! గురువమ్మక్క తనే వెంటబెట్టుకుని వచ్చింది. నంగలి నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఇద్దరు, ముళబాగిలు పిల్ల ఒకతి మొన్ననే చేరారు. ఇప్పటికి తొమ్మిది. ఇంకొక్కరు. ఊళ్ళో పీయూసీ పాసైనవాళ్ళ ఇళ్ళన్నీ అయిపోయాయి. గుండప్ప కొడుకు బి.కాం.లో చేరాడు.

ఇంకొక్కరు ఎక్కడ దొరుకుతారు?

జూలై 22

"ఇంగొక్కటే కదా సార్," అన్నాడు బచ్చప్ప. అవునన్నాను. "ఏదన్నా ఇల్లు మరిచిపోయినామేమో," అన్నాడు. ఏ ఇల్లూ మరిచిపోలేదని గట్టిగా చెప్పాను. వాడు రాళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

జూలై 24. శనివారం.

ఆషాఢం గాలి. దిబ్బలు లేచాయి. నూరేళ్ళుగా గనివాళ్ళు బంగారం తీసేసి పారబోసిన పిండి అంతా ఊరి మీదే ఉంది. ఉతికి ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతకాలి, కడిగిన కంచం మళ్ళీ కడగాలి. నారాయణమ్మకు దగ్గు మొదలైంది. ప్రతి ఏడూ వస్తుంది.

దగ్గుతూనే నా మీద పడింది. "ఊరంతా తిరిగి వాళ్ళ పిల్లోళ్ళను పిలస్తివి కదయ్యా. లైన్లకు పోతివి, బజారుకు పోతివి. మా ఇంటికి ఎప్పుడొస్తావు?"

"ఏ ఇంటికి?"

"ఈ ఇంటికి. ఈడ కూడా పీయూసీ పాసైన పిల్ల ఉండాది. మేమేం తక్కువ చేస్తిమి? మాకూ కాఫీ పెట్టేకి వస్తాది."

"దానికి కంప్యూటర్ సీటు..."

"ఆ పిల్లను అడిగినావా?"

అడగలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, అడగలేదు. జూన్ నెల నుంచి ఈ డైరీలో ఎన్నో అబద్ధాలు రాశాను. ఉక్కపోత ఒకటి. శశి సంగతి వేరు అన్నది ఇంకొకటి. ఊళ్ళో పిల్లలకు బాగుంటుందని చెప్పిన చదువు నా పిల్లకు చాలదనుకున్నాను. గుండప్పకు ఆరోజే తెలిసిపోయింది.

జూలై 25. ఆదివారం.

పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్క్యులరు సంచిలో పెట్టుకుని బయటికి పోయి, మా ఇంటి తలుపు కొట్టాను.

నారాయణమ్మ తలుపు తీసి, "ఎవరు గావల్ల?" అంది. ముఖంలో నవ్వు కనపడనివ్వలేదు, గట్టి మనిషి.

"శశికళ తల్లిగారేనా? కాలేజీ నుంచి వచ్చినామమ్మా."

"రాండి, కూర్చోండి. ఆయప్ప ఇంట్లో లేడు. ఊరి మీద తిరుగుతా ఉంటాడు."

చుట్టాలు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. శశి వచ్చి తలుపు పక్కన నిలబడింది. కాఫీ వచ్చింది. నేను భూమి పుట్టుక దగ్గర మొదలుపెట్టాను. నారాయణమ్మ చేయి అడ్డం పెట్టింది.

"అదంతా వద్దు సార్. సదివితే ఉద్యోగం వస్తాదా?"

నోరు తెరిచాను. ఇన్ని ఇళ్ళలో ఎంత సులభంగా చెప్పాను! ఎదురుగా నా బిడ్డ నిలబడి ఉంటే నాలుక తిరగలేదు.

"తెలియదు," అన్నాను. "గని మూసేస్తారంటున్నారు. నీళ్ళ శాఖలో పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. రావచ్చు. రాకపోవచ్చు."

"మరెందుకు సదవల్ల?"

"ఈ ఊళ్ళో మనం నడిచే నేల కింద ఏముందో తెలుస్తుంది. బూదికోటలో బోరు ఎందుకు ఎండిందో తెలుస్తుంది. నీకు ఏడాదేడాదీ ఈ దగ్గు ఎందుకొస్తుందో, ఆ దిబ్బను ఏం చేస్తే ఆ దుమ్ము లేవకుండా ఉంటుందో... నాకు తెలియదు నారాయణమ్మా. నేను రాళ్ళే చదివాను. కాని ఇప్పుడు చదివేవాళ్ళు కనుక్కోవచ్చు."

ఇది చెప్పేటప్పుడు నాకే కొత్తగా వినిపించింది. నేను వెక్కిరించిన ఆ చెత్త సబ్జెక్టు మా ఇంటి దగ్గే ఉంది.

శశి అప్పుడు మాట్లాడింది. "నేను చేరతా. జూన్‌లోనే అడిగినా. నువ్వు కాగితం లాక్కున్నావు."

"కంప్యూటరు?"

"లెక్కలు దీంట్లోనూ ఉండాయి కదా."

"ఉద్యోగం తెలియదన్నాను కదమ్మా! విన్నావా?"

"యిన్నా. నిజం చెప్పినావు కాబట్టే చేరతా ఉండాను." తరువాత, "గురువమ్మత్తకు కూడా ఇట్లే చెప్పినావా?" అంది.

నేను కాఫీ కప్పులోకి చూశాను.

"మునిరత్నం చెప్పినాడు, ఖండితంగా ఉద్యోగం వస్తాదని మీ నాయన చెప్పినాడని. నాకు తెలీదని చెప్తావు, వానికి ఖండితమని చెప్తావా? పోయి నిజం చెప్పిరా నాయనా. తరువాత నా పేరు రాసుకో."

నిజం చెబితే వాళ్ళు వాణ్ణి మాన్పిస్తారు. శశి చేరినా మళ్ళీ తొమ్మిదే. గడువు ఇంకా ఆరు రోజులే ఉంది, ఊళ్ళో ఇళ్ళు అయిపోయాయి. కోర్సు పోతుంది. అదంతా శశికి చెప్పాను.

"నాకు గొత్తు, ఆ లెక్క నేనూ యేసినా," అంది. లెక్కల్లో తొంభై ఆరు వచ్చిన పిల్ల.

నాకు దిగులుగా ఉంది. గర్వంగానూ ఉంది. ఏది ఎక్కువో తెలియడం లేదు.

జూలై 26. సోమవారం.

సాయంత్రం లైన్లకు ఒక్కణ్ణే పోయాను. బచ్చప్ప వస్తానన్నాడు, వద్దన్నాను. మారప్ప మధ్యాహ్నం షిఫ్టులో దిగి ఉన్నాడు. గురువమ్మక్క గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే ముందు నా చేతిలో సంచి ఉందా అని చూసింది.

"రాయి తేలేదక్కా," అన్నాను.

"అయితే కూర్చో."

కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. ఆరోజు ఉద్యోగం ఖండితమన్నది అబద్ధం. వస్తుందో రాదో నాకు తెలియదు. కోర్సు నిలబడాలని అట్లా చెప్పాను. ఇప్పుడు మాన్పించినా ఫీజు వెనక్కి ఇప్పిస్తాను. మునిరత్నాన్ని బి.కాం.లో చేర్చే పూచీ నాది.

ఆమె చేట పక్కన పెట్టలేదు. ఏరుతూనే మాట్లాడింది.

"అది అబద్ధమని నాకు ఆపొద్దే తెలుసప్పా."

"తెలిసి ఎట్లా చేర్చినావక్కా?"

"పొద్దుపొద్దునా మా ఆయన ఏం చెప్తాడు? 'ఈ పొద్దు ఏమీ కాదు, ఖండితంగా వచ్చేస్తా' అని చెప్తాడు. లోపల ఎప్పుడు ఏ బండ పేలతాదో ఆయనకేం తెలుసు? వాళ్ళ నాయనా అట్లే చెప్పినాడు, మీ నాయనా మీ అమ్మకు అట్లే చెప్పింటాడు. ఆ మాట చెప్పేటప్పుడు మొగం ఎట్లుంటాదో పెండ్లయిన కాడి నుంచీ సూస్తా ఉండాను. ఆ పొద్దు నీ మొగం అచ్చం అట్లే ఉండె. అబద్ధమని తెలిసీ నేను అన్నం కట్టి పంపియ్యలేదా?"

కళ్ళ నిండా నీళ్ళు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆమె ముందే ఏడ్చాను.

"ఏడవద్దు, లైన్లో సూస్తారు," అని ఆమె చేటను ఒకసారి చెరిగి, మునిరత్నం వస్తాడని, వాడికి కూడా అన్నం కట్టి పంపిస్తానని చెప్పింది.